వజ్రము – సానపట్టిన వెలుగు

కృష్ణానదికి ఉత్తరమున, నూజివీడు తిరువూరుల నడుమ విస్సన్నపేట యను ఊరు కలదు. ఆ ప్రాంతమంతయు మామిడితోటలకు ప్రసిద్ధి. మాఘమాసమున చెట్లు పూతపట్టి యుండగా, తెల్లవారుచుండగనే తోటలోనికి పోయినవారికి ఒక ముచ్చటైన దృశ్యము కనబడును. ఆకుల కొనల యందు మంచుబిందువులు వ్రేలాడుచుండును. ఉదయకిరణములు పడగానే ఒక్కొక్క బిందువు తళుక్కుమని మెరయును. సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, తలను మెల్లగా ఇటునటు కదల్చినచో ఒకే బిందువు ఒకప్పుడు ఎఱ్ఱగను, ఒకప్పుడు పసుపుపచ్చగను, మరొకప్పుడు నీలముగను కనబడును. ఎండ ముదిరిన కొలది బిందువు ఆరిపోవును. దానితోపాటు ఆ రంగులును మాయమగును.

ఆరిపోని మంచుబిందువు వంటి రాయి యొకటి ఇదే కృష్ణాతీరమున దొరకెడిది. విస్సన్నపేటకు నైరుతిగా పరిటాల కలదు; ఇంకను పడమటగా నదికి ఆవలి యొడ్డున కొల్లూరు ఉండెను. ఈ రెండు చోట్లను పూర్వము వజ్రపు గనులు ఉండెను. అచ్చట దొరికిన వజ్రములు గోలకొండ అంగళ్ళకు చేరి, గోలకొండ వజ్రములని లోకమున పేరొందెను. 17వ శతాబ్దమున కొల్లూరు గనిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అచ్చట దాదాపు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు నేల త్రవ్వగా, స్త్రీలును పిల్లలును మట్టిని మోసెడివారు. ఆ మట్టిని కడిగి, ఆరబెట్టి, జల్లించి, రాళ్ళను వెదకెడివారు.

అయితే మట్టిలోనుండి తీసిన వజ్రము మంచుబిందువువలె మెరయునని తలచుట పొరపాటు. అది పటికబెల్లపు ముక్కవలె మసకగా నుండును. ఎరుగనివాడు దానిని మామూలు రాయి యని తలచి దాటిపోవును. ఆ రాతికి వెలుగు ఎట్లు వచ్చును? సానపట్టుట వలన వచ్చునని అందరును చెప్పుదురు. కాని సానపట్టినంత మాత్రమున చాలదు. ఈ సంగతిని లోకమునకు తెలిపినది ఒక సుప్రసిద్ధమైన వజ్రమే.

1851వ సంవత్సరమున లండను నగరములో గొప్ప ప్రదర్శన యొకటి జరిగెను. హైడ్ పార్కునందు ఇనుముతోను గాజుపలకలతోను విశాలమైన భవనమును నిర్మించి, నానాదేశముల వస్తువులను అందులో ఉంచిరి. వానిలో కోహినూరు వజ్రము ఒకటి. అది కొల్లూరు గనిలో దొరికినదని చెప్పుదురు గాని, దాని తొలి చరిత్రకు నిశ్చితమైన ఆధారములు లేవు. 1849లో ఆంగ్లేయులు పంజాబును ఆక్రమించుకొని, బాలుడైన మహారాజు దులీప్ సింగు నుండి దానిని తీసికొనిరి. మరుసటి యేట అది విక్టోరియా రాణికి చేరెను. అంతటి రత్నమును చూడవలెనని జనులు గుంపులుగా వచ్చిరి. కాని చూచినవారు నిరాశ చెందిరి. ఇది గాజుముక్కవలె నున్నదే యని కొందరు అనిరి. చుట్టును దీపములు పెట్టి చూపినను ప్రయోజనము లేకపోయెను.

కోహినూరు అప్పటికే సానపట్టిన వజ్రము. దాని బరువు నేటి లెక్కలో సుమారు 191 కారెట్లు, అనగా 38 గ్రాములు. కారెట్టు అనగా గ్రాములో అయిదవ వంతు. అంత పెద్దదై, స్వచ్ఛమైనదై, సానపట్టబడినదై యుండియు అది ఏల మెరయలేదు? ఈ ప్రశ్నకు సమాధానము కాంతి నడకలో ఉన్నది.

కాంతి శూన్యమున సెకండునకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. నీటిలో దాని వేగము 2,25,000 కిలోమీటర్లకును, గాజులో 2,00,000 కిలోమీటర్లకును తగ్గును. వజ్రములో 1,24,000 కిలోమీటర్లే. గాలిలోనుండి వచ్చు కిరణము ఏటవాలుగా ఇట్టి పదార్థములో ప్రవేశించునపుడు వేగము తగ్గి, త్రోవ వంగును. దీనినే వక్రీభవనమందురు. శూన్యములోని వేగము పదార్థములోని వేగమునకు ఎన్ని రెట్లో తెలుపు సంఖ్య వక్రీభవన గుణకము. నీటికి అది 1.33, గాజునకు సుమారు 1.5, వజ్రమునకు 2.42.

లోనికి పోయిన కాంతి వెలుపలికి వచ్చుట అంత సులభము కాదు. దీనిని ఇంటిలోనే చూడవచ్చును. గాజుగ్లాసునందు నీరు పోసి, కంటికంటె కొంచెము ఎత్తుగా పట్టుకొని, ప్రక్కనుండి నీటి పైమట్టమును క్రిందివైపు నుండి చూడవలెను. ఆ మట్టము వెండి అద్దమువలె తళతళలాడును. దానిగుండ పైకప్పు కనబడదు. లోపలినుండి ఎక్కువ వాలుగా వచ్చి తాకిన కిరణములను నీటిమట్టము వెలుపలికి పోనీయక మరల లోనికే త్రిప్పివేయును. ఇదియే సంపూర్ణాంతర పరావర్తనము.

ఎంత వాలుగా వచ్చిన కిరణము తిరిగిపోవునో తెలుపు హద్దును సందిగ్ధ కోణమందురు. కిరణము తాకినచోట ఉపరితలమునకు నిలువుగా ఒక గీత గీచినట్లు ఊహింపవలెను. దానికి లంబమని పేరు. ఆ లంబమునకును కిరణమునకును నడుమ కోణము సందిగ్ధ కోణమునకు లోబడియున్నచో కిరణము వెలుపలికి పోగలదు. మించినచో పూర్తిగా వెనుకకు మరలును. ఈ హద్దు నీటికి సుమారు 49 డిగ్రీలు, గాజునకు 42 డిగ్రీలు, వజ్రమునకు 24½ డిగ్రీలు. నీటియింటికి వాకిలి విశాలము, వజ్రపుటింటికి వాకిలి మిక్కిలి ఇరుకు. అందుచేత వజ్రములో చొచ్చిన కాంతి ఒక గోడనుండి మరియొక గోడకు పోవుచు, తనకు తగిన వాకిలి దొరకువరకు తిరుగుచుండును.

ఆ వాకిలి ఎక్కడ నుండవలెనో నిర్ణయించుటయే సానపట్టువాని విద్య. కాంతి వజ్రము పైభాగమునుండి లోనికి పోయి, మరల పైభాగమునుండియే వెలుపలికి వచ్చి, చూచువాని కన్నును చేరవలెను. అడుగునుండి జారిపోయిన కాంతి వ్యర్థము.

నేడు ఉంగరములలో ఎక్కువగా కనబడు గుండ్రని వజ్రమును ప్రక్కనుండి చూచినచో అది బొంగరమును పోలియుండును. దానికి మూడు భాగములు: వాలుపలకలు గల పైభాగము, నన్నని నడుము, కొనదేరిన అడుగుభాగము. పైభాగము నడుమ వెడల్పైన నెత్తిపలక యొకటి యుండును. దానితో కలిసి పైన 33 పలకలు, అడుగున 24 పలకలు, మొత్తము 57 పలకలు తీయుదురు.

అడుగుపలకలు అడ్డుగీతకు 40¾ డిగ్రీల వాలులో నున్నవనుకొందము. నెత్తిపలకనుండి నిట్టనిలువుగా దిగిన కిరణము అడుగుపలకను తాకునపుడు లంబముతో 40¾ డిగ్రీల కోణము చేయును. ఇది 24½ డిగ్రీలకంటె ఎక్కువ కనుక కిరణము మరలి, ఎదుటి పలకను చేరును. అచ్చట ఆ కోణము 57¾ డిగ్రీలగును. అచ్చటను వాకిలి మూసియే యుండును. కిరణము మరల తిరిగి, నిలువుగీతకు 17 డిగ్రీల వాలుతో పైకి పోయి, నెత్తిపలకను తాకును. 17 డిగ్రీలు హద్దునకు లోబడియున్నవి. కావున వాకిలి తెరచుకొని, కాంతి కన్నును చేరును.

అడుగుపలకల వాలు 20 డిగ్రీలే యైనచో ఆ కిరణము మొదటి తాకిడిలోనే అడుగునుండి జారిపోవును. వాలు 55 డిగ్రీలైనచో మొదటి పలక దానిని మరల్చును గాని, రెండవ పలకను అది 15 డిగ్రీల కోణముతో తాకి వెలుపలికి పోవును. లోతు చాలని వజ్రములో నడుము అంచుయొక్క ప్రతిబింబము నెత్తిపలక క్రింద తెల్లని వలయమువలె కనబడును. దీనిని వర్తకులు చేపకన్ను అందురు. లోతు మించిన వజ్రము నడుమ నల్లగా నుండును. దీనికి మేకుతల యని పేరు. రెంటిలోను రాతి స్వచ్ఛతకు లోపము లేదు. లోపము కోణములది.

గాజును అచ్చముగా ఇదే కొలతలలో సానపట్టినను వజ్రమువలె మెరయదు. ఏలయన, గాజు హద్దు 42 డిగ్రీలు. 40¾ డిగ్రీలతో వచ్చిన కిరణము అందులోనుండి అడుగునకు జారిపోవును. అందుచేతనే కంసాలులు గాజురాళ్ళ వెనుక తళుకురేకు అమర్చుదురు. దానిని డాకు అందురు. వజ్రమునకైనను అడుగున నూనెయో మురికియో అంటినచో హద్దు మారి, కొంత కాంతి జారిపోవును. వాడుకచే మసకబారిన ఉంగరమును కడిగినంతనే మరల వెలుగు వచ్చుటకు కారణమిదియే.

మెరుపుతో పాటు వజ్రమునకు రంగుల శోభయు కలదు. తెల్లని వెలుగులో అన్ని రంగులును కలిసియున్నవి. వజ్రములో ఎఱ్ఱని కాంతికి వక్రీభవన గుణకము 2.41, ఊదారంగు కాంతికి 2.45. ఈ స్వల్పభేదము వలన ఒక్కొక్క రంగు ఒక్కొక్క విధముగా వంగి, వెలుపలికి వచ్చునపుడు రంగులు విడిపోవును. దీనిని కాంతి విక్షేపణమందురు. మంచుబిందువులో కనబడిన రంగులకును కారణమిదియే. పైభాగపు వాలుపలకలనుండి ఏటవాలుగా వెలువడు కిరణములలో ఈ విభజన ఎక్కువగా నుండును. కావున నెత్తిపలకను పెద్దది చేసినచో తెల్లని వెలుగు పెరిగి, రంగులు తగ్గును. దానిని చిన్నది చేసి వాలుపలకలను పెంచినచో రంగులు పెరుగును. ఒకదానిని పొందుటకు మరియొకదానిని కొంత విడువవలెను.

పలకల సంఖ్యయు ఇట్టిదే. వజ్రమును కదల్చినపుడు ఒక పలక వెలిగి, ప్రక్కపలక ఆరుచు మినుకుమినుకుమనును. పలకలు ఎన్ని యెక్కువైన అంత మేలని తోచవచ్చును. కాని చిన్నరాతిపై మిక్కిలి సన్నని పలకలు తీసినచో కన్ను వానిని వేరువేరుగా గుర్తింపలేదు. మెరుపులన్నియు కలిసి మసకవెలుగుగా మారును.

ఇప్పుడు కోహినూరు రహస్యము విప్పవచ్చును. ఆనాటి కోహినూరు పైభాగము గోపురమువలె ఎత్తుగా నుండెను. దానిపై చిన్నచిన్న పలకలు అనేకము కలవు. కాని దాని అడుగు వెడల్పైన చదునుపలక. పైనుండి దిగిన కిరణము అడుగును దాదాపు నిలువుగా తాకి, తెరచిన వాకిలినుండి పోయినట్లు పోవుచుండెను. వెలుగును వెనుకకు మరల్చు వాలు అడుగున లేదు.

భారతీయ శిల్పులు పని తెలియనివారు కారు. వారి లక్ష్యము వేరు. ప్రాచీన రత్నశాస్త్రములు ఆరు కోణములు, ఎనిమిది పలకలు, పండ్రెండు అంచులు గల వజ్రమును శ్రేష్ఠమని చెప్పినవి. అది ప్రకృతి వజ్రమునకు తానుగా ఇచ్చు ఆకారము. రాయి స్వచ్ఛముగా నున్నచో శిల్పులు దాని సహజమైన పలకలను మాత్రమే చక్రముపై మెరుగుపెట్టెడివారనియు, బరువు తగ్గునను భయముచే వేరు ఆకారము నిచ్చెడివారు కారనియు, మచ్చ యున్నచో అనేకమైన చిన్నపలకలతో దానిని మరుగుపరచెడివారనియు టావెర్నియే వ్రాసెను. వారు తూకమును కాపాడిరి. ఐరోపా శిల్పులు తళుకునకై తూకమును విడిచిరి.

ఇందుకు రీజెంటు వజ్రము మంచి నిదర్శనము. అదియు కృష్ణాతీరమున దొరికినదే. కొల్లూరు గనిదని కొందరును, పరిటాల గనిదని కొందరును చెప్పుదురు. చెన్నపట్టణపు గవర్నరు తామస్ పిట్ దానిని కొన్నపుడు అది 410 కారెట్ల ముడిరాయి. 1704 మొదలు 1706 వరకు లండనులో దానిని సానపట్టిరి. చివరకు మిగిలినది సుమారు 141 కారెట్లు. దాదాపు మూడింట రెండు వంతులు పోయినవి. అయినను 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానిని కొనెను. నేడది పారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది.

కోహినూరును గూడ అట్లే తిరిగి సానపట్టింపవలెనని రాణి భర్త ఆల్బర్టు తలపెట్టెను. కాంతిశాస్త్రమున ప్రసిద్ధుడైన డేవిడ్ బ్రూస్టరును సంప్రదించిరి. రాతిలోపల దోషములున్నవనియు, సానపట్టినచో చాల బరువు పోవుననియు ఆయన హెచ్చరించెను. అయినను పని సాగెను. ఆంస్టర్‌డాం నగరపు శిల్పులను పిలిపించిరి. చక్రములను త్రిప్పుటకు ఆవిరియంత్రమును అమర్చిరి. 1852 జులైలో వృద్ధుడైన వెల్లింగ్టన్ ప్రభువు మొదటి పలకను ప్రారంభించెను. వజ్రమును వజ్రమే కోయునన్న లోకోక్తి ప్రకారము, నూనెతో కలిపిన వజ్రపుపొడి పూసిన చక్రముపై 38 దినములు రాతిని అరగదీసిరి. 191 కారెట్ల రాయి 105.6 కారెట్లకు దిగెను. 38 గ్రాములలో 17 గ్రాములు పొడియై పోయెను.

రాయికి వెలుగు వచ్చెను. అయితే అది పోగొట్టుకొన్నది బరువు మాత్రమే కాదు. మొగలు, పారశీక, ఆఫ్గను, సిక్కు ప్రభువులు చూచిన రూపము శాశ్వతముగా నశించెను. నేడు ఆ రూపము, సానపట్టక ముందు తీసిన సున్నపుముద్ర వంటి నమూనాల యందే మిగిలియున్నది. ఆ నమూనా యొకటి లండనులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. వెలుగునకై చరిత్రను అరగదీయుట తగునా యను ప్రశ్నకు ఏ కోణమానియు సమాధానము చెప్పజాలదు.

కోహినూరును సానపట్టిన కాలమున శిల్పులకు కంటి అనుభవమే ఆధారము. గణితముతో ఈ విషయమును విచారించినవాడు మార్సెల్ టోల్కోవ్‌స్కీ. వజ్రశిల్పుల కుటుంబమున బెల్జియములో పుట్టి, లండనులో చదివిన ఈ యువ ఇంజనీరు 1919లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. వజ్రపు వెడల్పు 100 పాళ్ళనుకొన్నచో నెత్తిపలక 53 పాళ్ళు, పైభాగపు ఎత్తు 16.2 పాళ్ళు, అడుగుభాగపు లోతు 43.1 పాళ్ళు ఉండవలెనని ఆయన తేల్చెను. పై వాలు 34½ డిగ్రీలు, అడుగు వాలు 40¾ డిగ్రీలు. మెరుపునకును రంగులకును ఈ కొలతలలో చక్కని పొత్తు కుదురునని ఆయన నిర్ణయము.

తరువాతి పరిశోధకులు కంప్యూటరుల సాయముతో వేలకొలది కిరణముల నడకను లెక్కించిరి. మంచి కొలతలు ఒక్క జాబితాతో ముగియవనియు, పై వాలు కొంత పెరిగినచో అడుగు వాలును కొంత తగ్గించి వెలుగును నిలుపవచ్చుననియు వారు కనుగొనిరి. విడివిడి కొలతలకంటె వాని పొందికయే ప్రధానమని తేలెను. నేడు ప్రపంచపు వజ్రములలో అత్యధికభాగము మన దేశములోని సూరతు నగరముననే సానపట్టబడుచున్నది. ముడిరాతిని యంత్రముతో కొలిచి, ఎట్లు కోసిన ఎంత బరువు మిగులునో, ఎంత వెలుగు వచ్చునో ముందుగనే తెరపై చూతురు. అయినను పాత సమస్య తీరలేదు. తూకము కొంచెము మిగుల్చుకొనవలెనను ఆశతో అడుగును మందముగా విడుచువారు నేటికిని కలరు. అట్టి రాయి త్రాసులో ఎక్కువ తూగును. కన్నులకు తక్కువ వెలుగును.

వేసవిలో విస్సన్నపేట తోటలలో కాయలు కోతకు వచ్చినపుడు తూకము ముఖ్యమే. కాని పెద్దరసమునకు బరువు ఎక్కువ యని చిన్నరసపు తీపిని కాదనువారు లేరు. మామిడి రుచిని నేల, నీరు, ఎండ నిర్ణయించును. మంచుబిందువు ఆకారమును ప్రకృతియే తీర్చును. వజ్రపు వెలుగును మాత్రము మనుష్యుడు ఎన్నుకొనిన కోణములు నిర్ణయించును. ఆ ఎన్నిక ఒక్కసారియే. మంచుబిందువు రేపటి ఉదయమున మరల ఆకుకొనపై నిలుచును. చక్రముపై అరగిన వజ్రపుపొడి మరల రాయి కాదు. అందుచేతనే నేర్పరియైన శిల్పి రాతిని చక్రమునకు తాకించుటకు ముందు దానిని దినముల తరబడి త్రిప్పి త్రిప్పి చూచును.